బాఖ్ చెల్లో సూట్లు: ఎవరి రికార్డింగుతో మొదలుపెట్టాలి?

ఆరు సూట్లు (సూట్ అంటే వరుసగా వాయించే నాట్య భాగాల కూర్పు), ముప్పై ఆరు భాగాలు, వాద్యం ఒక్క చెల్లోయే (వయొలిన్ జాతిలో మంద్రంగా మోగే పెద్ద వాద్యం), పక్కవాద్యమంటూ ఏదీ లేదు. మొత్తం వినడానికి సుమారు రెండుంబావు గంటలు పడుతుంది. ఇంత తక్కువ సామగ్రితో రాసిన సంగీతానికి ఇన్ని రికార్డింగులు రావడం, అవి ఒకదానితో ఒకటి ఇంతగా విభేదించడం పాశ్చాత్య సంగీతంలో అరుదు. ఒకరి చేతిలో చురుగ్గా అడుగులేసే భాగం మరొకరి చేతిలో ఆగి ఆగి సాగే ప్రార్థన అవుతుంది. కొత్తగా వినాలనుకునేవారు ఏది ఎంచుకోవాలో తెలియక మొదటి వరుసలో కనిపించిన పేరును నొక్కేస్తారు. నచ్చకపోతే తప్పు ఈ సూట్లు రాసిన స్వరకర్త బాఖ్ మీదకు పోతుంది.

పేరున్న ఎనిమిది రికార్డింగులను ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. నా పక్షం ఏమిటో ముందే చెబుతాను: ఇవి నాట్య రూపాలు. నడక లేని రికార్డింగు ఎంత అందంగా మోగినా మొదటి ఎంపిక కాకూడదు.

ఇన్ని తేడాలు ఎక్కడివి

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఈ సూట్లను 1717-1723 మధ్య, జర్మనీలోని క్యోటెన్ సంస్థానంలో కొలువు చేసిన కాలంలో రాశారని పండితుల అంచనా. ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు. ముఖ్యమైన ఆధారాలు ఆయన భార్య అన్నా మాగ్దలేనా రాసిన నకలు, ఆ కాలపు సంగీతకారుడు యోహాన్ పీటర్ కెల్నర్ రాసిన నకలు. ఏయే స్వరాలను ఒకే కమాను లాగుడులో కలపాలో చూపే గుర్తులు వీటిలో అస్పష్టంగా ఉన్నాయి. రెండు నకళ్లకూ పొసగదు కూడా. వేగం ఎంతో రాసి లేదు. ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెల్లగా వాయించాలన్న సూచనలు దాదాపు లేవు. కాబట్టి వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాయించేవారే తేల్చుకోవాలి. మనం పోల్చేది అసలు ఆ నిర్ణయాలనే.

కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి పాశ్చాత్య సంగీతంలోకి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. అనేక స్వరాలు ఒకేసారి మోగే ఆర్కెస్ట్రా హోరు ఇక్కడ ఉండదు, ఒకే గీతగా సాగే స్వరధార ఉంటుంది. అయితే ఆ ఒక్క గీతలోనే బాఖ్ రెండు మూడు గొంతులను దాచారు. మొదటి సూట్ ప్రెల్యూడ్ (నాట్యాలకు ముందు వచ్చే తొలి భాగం) ఆరంభం వినండి. కింది స్వరం ఒకటి మళ్లీ మళ్లీ తగులుతుంది, దాని మీద పై స్వరాలు మారుతూ పోతాయి. ఆ కింది స్వరాన్ని తంబురా షడ్జంలా చెవి పట్టుకోగానే మిగతాది విడివడుతుంది. గమకాలనూ మనోధర్మాన్నీ ఇక్కడ వెతకకూడదు. ఒక గొంతు వదిలిన స్వరాన్ని మరో గొంతు కొంతసేపటికి అందుకోవడం, ఆ రెంటి మధ్య వినపడకుండా ఉండిపోయిన దాన్ని మన చెవి పూరించుకోవడం, ఇదే ఈ సూట్ల సంపద.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు నడక. ప్రతి సూట్‌లో ప్రెల్యూడ్ తర్వాత వచ్చేవన్నీ నాట్యాల పేర్లే: అల్మాండ్, కూరాంట్, సారబాండ్, ఆ తర్వాత ఒక జంట, ఆఖరున జీగ్. ఆ జంట మొదటి రెండు సూట్లలో మినుయెట్లు, తర్వాతి రెండింటిలో బురేలు, చివరి రెండింటిలో గవోట్లు. బాఖ్ వీటిని కాళ్లతో ఆడించడానికి కాక వినిపించడానికే రాశారు, అయినా నాట్యపు ఎముకలు లోపల అలాగే ఉన్నాయి. సారబాండ్‌లో మూడు మాత్రల్లో రెండోదాని మీద బరువు పడుతుంది. బురేలో తాళం మొదటి దెబ్బకు ముందే ఎత్తుగడ ఉంటుంది. ఆ బరువు, ఆ ఎత్తుగడ వినిపిస్తున్నాయా లేదా అన్నదే పరీక్ష. వేగానికీ నడకకూ సంబంధం లేదు. నెమ్మదిగా వాయించినా కాలప్రమాణం లోపల నిలిచి ఉంటే నడక ఉన్నట్టే.

తర్వాత నాదం. ఆధునిక చెల్లోకు లోహపు తంత్రులు, బిగువైన కమాను. స్వరం చిక్కగా, సాగినంత దూరం సాగుతుంది. బాఖ్ కాలపు పద్ధతిలో పేగు తంత్రులు, తేలికైన కమాను. స్వరం గరుకుగా పుట్టి త్వరగా తగ్గిపోతుంది, మాట తర్వాత మాట పలికినట్టు ఉంటుంది. పాత పద్ధతివారు శ్రుతి కూడా ఇప్పటి కొలతకంటే సుమారు అర్ధస్వరం కిందికి దించుతారు. గాయకుడిని బట్టి శ్రుతి మారడం మనకు అలవాటే కనుక ఇది మనల్ని ఇబ్బంది పెట్టదు.

గది కూడా లెక్కలోకి వస్తుంది. ఒక రికార్డింగులో వాద్యం మన ముందు రెండడుగుల దూరంలో ఉంటుంది, మరోదానిలో చర్చి గోడలన్నీ కలిసి వాయిస్తాయి. ఇక పునరావృత్తి: ఈ నాట్యాలు రెండు సగాలుగా ఉంటాయి, ఒక్కో సగాన్ని రెండుసార్లు వాయించాలని రాసి ఉంటుంది. రెండోసారి కొంచెం మార్చి అలంకరించేవారున్నారు, మొదటిసారి వాయించినట్టే వాయించేవారున్నారు, కొన్నిచోట్ల వదిలేసేవారూ ఉన్నారు.

పోల్చడానికి మొత్తం వినక్కర్లేదు. మూడు ముక్కలు చాలు. మొదటి సూట్ ప్రెల్యూడ్‌లో వాయించేవారి శ్వాస తెలుస్తుంది. మూడో సూట్ మొదటి బురేలో నడక తెలుస్తుంది. ఐదో సూట్ సారబాండ్‌లో ఒక్క జంటస్వరం కూడా లేదు, అంతా ఒంటిస్వరాలే, దాక్కోవడానికి చోటు లేదు. ఒకే రోజు ఇద్దరికంటే ఎక్కువమందిని పోల్చకండి, మూడోవారి దగ్గరికి వచ్చేసరికి చెవి అలసిపోతుంది.

| కళాకారుడు | కాలం | నడక | నాదం, గది | ఎవరికి తగినది |
|---|---|---|---|---|
| పాబ్లో కసాల్స్ | 1936-39 | బలమైనది, నేల మీది నడక | పాత మోనో, గరగర శబ్దం | రెండో ఎంపికగా అందరికీ |
| పియెర్ ఫోర్నియే | 1960 | నిండైనది, సమతూకం | వెచ్చని స్టీరియో | ఒక్కటే ఉంచుకునేవారికి |
| యానోష్ స్టార్కర్ | 1963-65 | కచ్చితమైనది, బిగువు | చాలా దగ్గరగా, స్పష్టంగా | వాద్యం నేర్చుకునేవారికి |
| అనర్ బైల్స్మా | 1979 | మాటలాడే నడక | పేగు తంత్రులు, కింది శ్రుతి | ఒకటి విని మరోటి కోరేవారికి |
| యో-యో మా | 1983, 2018 | 1983లో నునుపు, 2018లో స్వేచ్ఛ | శుభ్రమైన ఆధునిక ధ్వని | తేలిగ్గా మొదలుపెట్టాలనుకునేవారికి |
| రోస్త్రపోవిచ్ | 1991 | బరువైనది, తరచు ఆగేది | పెద్ద చర్చి, ప్రతిధ్వని | ధ్యానంగా వినేవారికి |
| స్టీవెన్ ఇసర్లిస్ | 2007లో విడుదల | తేలికైనది | మృదువైన, అంతరంగ నాదం | కథ వెతికే శ్రోతకు |
| జాన్-గియెన్ కెరాస్ | 2007 | అన్నిటికంటే నాట్యానికి దగ్గర | స్పష్టమైన, సహజమైన గది | కొత్తవారికి |

కసాల్స్: గౌరవించాలి, కానీ మొదట కాదు

1890లో, పదమూడేళ్ల వయసులో స్పెయిన్‌కు చెందిన పాబ్లో కసాల్స్‌కు బార్సిలోనాలోని ఒక పాత దుకాణంలో ఈ సూట్ల అచ్చుప్రతి దొరికింది. అప్పటివరకూ వీటిని చెల్లో విద్యార్థుల సాధనపాఠాలుగానే ఎక్కువమంది చూసేవారు. ఆయన పన్నెండేళ్లకు పైగా సాధన చేశాకే ఒక సూట్‌ను బహిరంగ కచేరిలో పూర్తిగా వాయించారు. ఆరింటినీ మొదటిసారి పూర్తిగా రికార్డు చేసిందీ ఆయనే: రెండు, మూడు సూట్లు 1936 నవంబరులో లండన్‌లో, ఒకటి, ఆరు 1938 జూన్‌లో పారిస్‌లో, నాలుగు, ఐదు 1939 జూన్‌లో మళ్లీ పారిస్‌లో. ఈ తేదీల వెనుక స్పెయిన్ అంతర్యుద్ధం ఉంది. మొదటి విడత నాటికి యుద్ధం మొదలై కొన్ని నెలలే అయింది. చివరి విడత నాటికి తిరుగుబాటు సేనాని ఫ్రాంకో గెలిచాడు, కసాల్స్ ప్రవాసంలో ఉన్నారు.

లక్క రికార్డుకు ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది. తప్పు దొర్లితే కత్తిరించి అతికించే వీలు లేదు, ఉన్నది ఉన్నట్టే ఉండిపోయేది. కొన్నిచోట్ల కమాను గీరుకుంటుంది, స్వరం కొద్దిగా పక్కకు జరుగుతుంది. అయినా మూడో సూట్ బురేలో ఆయన మోపే అడుగు చూడండి. ఆ అడుగులో పల్లె ఉంది, నేల ఉంది. ఐదో సూట్ సారబాండ్‌లో ఒక్కో స్వరం మీద ఆయన పెట్టే బరువును తర్వాత వచ్చిన ఎంత మెరుగైన రికార్డింగూ తగ్గించలేకపోయింది.

చాలామంది అభిమానులు కొత్తవారిని నేరుగా ఇక్కడికే పంపుతారు. నేను ఒప్పుకోను. కొత్త చెవికి గరగర ముందు వినిపిస్తుంది, కసాల్స్ తర్వాత వినిపిస్తారు. సంగీతం ఎలా నడుస్తుందో తెలిశాక వస్తే ఆ శబ్దం వెనక్కి జరుగుతుంది, మనిషి ముందుకొస్తాడు.

ఫోర్నియే, స్టార్కర్: ఒకే దశాబ్దం, రెండు స్వభావాలు

ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ ఫోర్నియే చిన్నతనంలో పోలియో బారిన పడి, పియానో పెడళ్లు తొక్కడం కష్టమై చెల్లో వైపు మళ్లారు. 1960 డిసెంబరులో హానోవర్‌లో ఆర్కివ్ సంస్థ కోసం ఈ సూట్లు రికార్డు చేశారు. ఇందులో ఏదీ అరవదు, ఏదీ సాగలాగదు. కమాను మలుపులు వినపడవు, వాక్యం పూర్తిగా చెప్పాకే ఆగుతారు. నాలుగో సూట్ వంటి కష్టమైన చోట కూడా స్వరం గుండ్రంగా, నిబ్బరంగా ఉంటుంది. దీనికున్న లోటు కూడా అక్కడి నుంచే వస్తుంది: బురేలు, జీగ్‌లు కొంచెం ఎక్కువ మర్యాదగా అనిపించవచ్చు. అయినా ఏళ్ల తరబడి విన్నా విసుగు పుట్టనిది కావాలంటే నా ఓటు దీనికే.

హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన యానోష్ స్టార్కర్ మరో దారి. ఫ్రిట్జ్ రైనర్ నడిపిన షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రధాన చెల్లో వాద్యకారుడిగా పనిచేసి, 1958 నుంచి ఇండియానా విశ్వవిద్యాలయంలో బోధించారు. మెర్క్యురీ సంస్థ 1963-65లో చేసిన రికార్డింగులో వాద్యం ఎంత దగ్గరగా ఉంటుందంటే కమాను తంత్రిని పట్టుకునే క్షణం కూడా తెలుస్తుంది. స్వరస్థానాల శుద్ధి ఆశ్చర్యపరుస్తుంది, అనవసరమైన వణుకు ఉండదు. కొన్ని పునరావృత్తులు వదిలేశారు, అవి కావాలనుకునేవారికి అదొక కొరత. వయొలిన్ గానీ చెల్లో గానీ నేర్చుకుంటున్నవారు ఫోర్నియే కంటే ముందు దీన్ని వినాలి, ఎందుకంటే చేయి ఏం చేస్తోందో చెవికి కనబడుతుంది. హాయిగా వెనక్కి వాలి వినేవారికి మాత్రం ఈ దగ్గరతనం అలసట కలిగిస్తుంది. తర్వాత 1990లలో ఆయన మళ్లీ రికార్డు చేసిన సూట్లకు గ్రామీ పురస్కారం వచ్చింది. అది మరింత మెత్తబడిన వాయింపు. నేను 1960లనాటిదే సిఫారసు చేస్తాను.

బైల్స్మా: పాత తంత్రులు, కొత్త చెవి

అనర్ బైల్స్మా నెదర్లాండ్స్‌వారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పెద్ద ఆర్కెస్ట్రా కన్సెర్ట్‌గెబౌలో ప్రధాన చెల్లోగా ఉన్న ఆయన, తర్వాత పాత వాద్యాల వైపు తిరిగారు. 1979 రికార్డింగు మొదటి నిమిషంలోనే తేడా తెలుస్తుంది. స్వరం పుట్టి, తగ్గి, తర్వాతి స్వరానికి చోటిస్తుంది. ఒకే గీతలో దాగిన రెండు గొంతులు ఎవరి దగ్గరా ఇంత విడివిడిగా వినపడవు. పైగొంతు అడిగినదానికి కిందిగొంతు జవాబిస్తున్నట్టుంటుంది.

ఆరో సూట్ కోసం కూడా ఈ రికార్డింగు అవసరం. బాఖ్ దాన్ని ఐదు తంత్రుల వాద్యానికి రాశారు, పైన అదనంగా ఒక తంత్రి ఉండాలి. నాలుగు తంత్రుల చెల్లో మీద వాయించేవారు పైస్థాయిలో ప్రయాసపడక తప్పదు, ఆ ప్రయాస ఫోర్నియే వంటివారి దగ్గర కూడా కొంచెం తెలుస్తుంది. బైల్స్మా ఐదు తంత్రుల చిన్న చెల్లో తీసుకున్నారు, ఆ సూట్ ఒక్కసారిగా తేలికపడి వెలుగుతుంది.

నిండైన, సాగే నాదమే చెల్లో అనుకునేవారికి ఇది పొడిగా అనిపిస్తుంది. అలాంటివారు ఆయన 1992లో సెర్వే స్త్రాదివారి అనే పెద్ద చెల్లో మీద చేసిన రికార్డింగును చూడవచ్చు. అక్కడ నాదం లోతుగా ఉంటుంది, తీసుకునే స్వేచ్ఛ మాత్రం ఇంకా ఎక్కువ.

రోస్త్రపోవిచ్: ఎవరికి, ఎప్పుడు

మ్స్తిస్లావ్ రోస్త్రపోవిచ్ 1989 నవంబరులో బెర్లిన్ గోడ కూలుతుండగా అక్కడికి వెళ్లి కుర్చీ వేసుకుని బాఖ్ వాయించారు. ఆరింటినీ రికార్డు చేయడానికి మాత్రం అరవై దాటేవరకూ ఆగారు. 1991లో ఫ్రాన్స్‌లోని వెజెలేలో 12వ శతాబ్దపు చర్చిని ఎంచుకున్నారు. అది 1995లో విడుదలైంది, వీడియో కూడా ఉంది. ఒక్కో సూట్‌కు ఆయన ఒక్కో భావం ఆపాదించారు: మొదటిదానికి తేలికదనం, రెండోదానికి దుఃఖం, ఐదోదానికి చీకటి, ఆరోదానికి సూర్యకాంతి.

దీని శక్తి కాదనలేనిది. రాతిగోడల ప్రతిధ్వనిలో ఐదో సూట్ సారబాండ్ వింటే కాసేపు మాట రాదు. కానీ సారబాండ్లు ఎంత నెమ్మదిగా సాగుతాయంటే రెండో మాత్ర బరువు ఎక్కడో కరిగిపోతుంది. నాట్యం పోయి ప్రార్థన మిగులుతుంది. అదే కోరుకునేవారికి ఇంతకంటే గొప్పది లేదు. దీనితోనే మొదలుపెట్టినవారు మాత్రం ఈ సూట్లన్నీ శోకగీతాలే అనుకుంటారు, తర్వాత ఎవరు చురుగ్గా వాయించినా అపచారంగా తోస్తుంది. అందుకే దీన్ని మూడో నాలుగో స్థానంలో ఉంచండి.

యో-యో మా, ఇసర్లిస్, కెరాస్

యో-యో మా ఈ సూట్లను మూడుసార్లు రికార్డు చేశారు: 1983, 1997, 2018. మొదటిది యువకుడి నునుపైన పని, గ్రామీ గెలిచింది, పని చేసుకుంటూ వినడానికి కూడా బాగుంటుంది. 1997నాటిది చలనచిత్రాలతో ముడిపడినది. మొదటి సూట్ ఆధారంగా టొరంటోలో ఒక ఉద్యానవనం కూడా వెలిసింది. నాకు ఎక్కువ ఇష్టమైనది 2018నాటిది. వాక్యాల మధ్య ఊపిరి ఉంటుంది, పునరావృత్తిలో చిన్న చిన్న అలంకారాలు పూస్తాయి. 2002 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో ఏడాది కిందటి ఉగ్రదాడి మృతుల పేర్లు చదువుతుండగా ఐదో సూట్ సారబాండ్ వాయించింది ఈయనే. ఆ భాగంతో ఆయన అనుబంధం 2018లో ప్రతి స్వరంలో తెలుస్తుంది.

స్టీవెన్ ఇసర్లిస్ ఆరు సూట్లలో క్రీస్తు జీవిత ఘట్టాలను ఊహించారు: మొదటిది జననం, ఐదోది శిలువ, ఆరోది పునరుత్థానం. ఆ ఊహను ఒప్పుకోవాల్సిన పని లేదు, వాయింపు దానికదే నిలుస్తుంది. మొదటి ప్రెల్యూడ్‌ను వేర్వేరు నకళ్ల ప్రకారం విడివిడిగా వాయించి చివర చేర్చారు. నకళ్ల తేడాల గురించి పైన చెప్పినది చెవితో తెలుసుకోవాలంటే అది వినండి.

జాన్-గియెన్ కెరాస్ 2007 రికార్డింగు కొత్తవారికి నా మొదటి సిఫారసు. 1696లో జోఫ్రెదో కప్పా చేసిన చెల్లో, ఇప్పటి శ్రుతి, పాత పద్ధతుల అవగాహన, మూడూ ఒకేచోట కలిశాయి. పొడిదనం లేదు, అతి తీపి లేదు. అడుగు ఎక్కడ పడుతుందో ప్రతిసారీ తెలుస్తుంది. 2017లో బెల్జియం నృత్యకారిణి ఆన్ తెరెసా ద కీర్స్‌మేకర్ ఈ సూట్లకు నృత్యరూపకం కూర్చినప్పుడు వేదిక మీద కూర్చుని వాయించింది కెరాసే. పదేళ్ల ముందటి ఈ రికార్డింగు వింటే అది ఆశ్చర్యం కలిగించదు. పిల్లలకు వినిపించాలన్నా ఇందులోని మూడో సూట్ బురేలే వినిపిస్తాను.

మీరు ఎవరైతే ఏది

కర్ణాటక కచేరీలు వినే అలవాటుండి ఇటువైపు కొత్తగా వస్తున్నవారు కెరాస్‌తో మొదలుపెట్టి, ఒకటి రెండు నెలలకు కసాల్స్ దగ్గరికి వెళ్లండి. లయ పట్టు మీకు ముందే ఉంది, కసాల్స్ మీకు త్వరగా దగ్గరవుతారు. ఒక్కటి కొని జీవితమంతా ఉంచుకోవాలనుకుంటే ఫోర్నియే. ఇప్పటికే ఫోర్నియే ఉన్నవారు అదే కోవలో మరోటి కొనడం వృథా, బైల్స్మా 1979 కొనండి. రాత్రి దీపం తీసేసి వినేవారికి రోస్త్రపోవిచ్ నచ్చుతుంది, కానీ ధ్వని తగ్గించి మొదలుపెట్టండి, గట్టిగా వాయించిన చోట్ల గది ఒక్కసారిగా నిండిపోతుంది. ఇద్దరూ కలిసి వినే ఇంట్లో ఒకరికి మెత్తదనం, మరొకరికి చురుకు కావాలంటే యో-యో మా 2018 రికార్డింగు ఇద్దరినీ కలుపుతుంది.

వెతికేటప్పుడు పేరుతో పాటు బాఖ్ రచనల పట్టిక సంఖ్య చూడండి: మొదటి సూట్ 1007, ఆరోది 1012. మొదటి ప్రెల్యూడ్ ఒక్కటే ఉన్న సంకలనాలు బోలెడు కనిపిస్తాయి, ముప్పై ఆరు భాగాలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. పాటల వరుసను కలగలిపే మీట ఆపేయండి. సారబాండ్ తర్వాత జంట నాట్యం రాకపోతే సూట్ విరిగిపోతుంది. ఫోను స్పీకర్ మీద వినకండి. చెల్లో అట్టడుగు తంత్రి దాదాపు 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ స్పీకరు దాన్ని వినిపించలేదు, కిందిగొంతు పోతే ఈ సంగీతంలో సగం పోయినట్టే. మామూలు హెడ్‌ఫోన్లు చాలు. కసాల్స్ రికార్డింగుకు అనేక శుద్ధి ప్రతులు ఉన్నాయి. వాటిలో గరగర పూర్తిగా తుడిచేసినదాన్ని వదిలేసి, కొంచెం శబ్దం మిగిల్చినదాన్ని తీసుకోండి. శబ్దాన్ని మరీ తుడిచేస్తే దానితో పాటు కమాను రాపిడీ, స్వరం అంచూ పోతాయి.